రూబెన్ పుట్టిన ఫిబ్రవరి

1909 మే 3, సోమవారం

పొద్దున్నే ఆంబ్రోజ్ మోటారు బండిలో వచ్చాడు. నా కోళ్లు రెండు రోజులు గుడ్లు పెట్టవు.

వాడు నాకు తమ్ముడి వరస. నగరంలో గుండీల ఫ్యాక్టరీ పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్న దగ్గర్నుంచి పూర్వీకుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. థర్ల్‌బీ వంశ సంఘానికి వాడు అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. నలభై ఏళ్లుగా సమాధి రాళ్లు గోకి, టౌన్ హాలు దుమ్ము మింగి, తొమ్మిది తరాల పేర్లు పోగు చేసింది నేను. ఆగస్టు పద్దెనిమిదిన అందరినీ పోగేసి, గ్రానైటు రాయి మీద గుడ్డ లాగి ఫోటో దిగేది వాడు. రాయి మీద "పెద్ద శాఖ" అని చెక్కి కింద వాడి పేరు ఉంటుందట. మా ముత్తాత తాత కేలబ్ పెద్ద కొడుకు సంతతి మేమేనని వాడి నమ్మకం. తేల్చాల్సింది నేను.

"హల్డక్కా, నెలాఖరుకల్లా మన వంశ చరిత్ర పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోవాలి. శ్మశానానికి ఇనుప కంచె కూడా వచ్చేస్తోంది" అన్నాడు. నది ఒడ్డున మా వాళ్ల శ్మశానం ఉంది. నిరుడు అక్టోబరులో సంఘం ఒక నియమం పెట్టింది. ఇంగ్లండు నుంచి ఓడలో ఈ దేశానికి వచ్చిన మా మొదటి పూర్వీకుడు జెర్షమ్ థర్ల్‌బీకి ధర్మబద్ధమైన సంతతి అని పుస్తకంలో పేరున్నవాళ్లకీ, వాళ్ల భార్యలకీ భర్తలకీ తప్ప ఇకమీద అక్కడ చోటు లేదు. గేటు తాళంచెవి నా దగ్గర ఉంటుంది.

కోరా కూడా వచ్చింది. ఆంబ్రోజ్ పెళ్లాం. టీ కప్పుల మీద సింహాల ముద్ర వేయించిందట, మా వంశ చిహ్నమట. జెర్షమ్ ఇంగ్లండులో పీపాలు చేసుకు బతికినవాడు. పీపాలవాడికి సింహమెందుకు, పీపా బొమ్మ వేయిస్తే పోయేది కదా. "బాగుందా వదినా?" అని అడిగింది. కప్పు కారడం లేదు, అంతవరకు బాగానే ఉందన్నాను.

మే 5

దుకాణంలో పాస్టరు పీబాడీ గారు ఎదురై టోపీ తీశారు. పాపం, ఇంకా మొహం చెల్లడం లేదు. మార్చిలో ఆయన జిల్లా పత్రికలో తన భార్య వంశం గురించి రాశారు. ఒకావిడ 1690 ఫిబ్రవరిలో చనిపోయింది, ఆవిడకే 1690 అక్టోబరులో కొడుకు పుట్టాడు, చచ్చాక ఎలా కంటుంది, కాబట్టి ఆ ఇంటాయనకి రెండో భార్య ఉండి ఉంటుందని తేల్చారు. తేల్చి, ఆవిడకొక పేరు కూడా ఊహించారు.

కాలేజీలో హీబ్రూ చదివిన మనిషికి ఇంత మాత్రం తెలియదు. 1752 దాకా ఈ కాలనీల్లో ఏడాది మొదలయ్యేది మార్చి ఇరవై అయిదున. జనవరి, ఫిబ్రవరి ఏడాదికి తోక. 1690 అక్టోబరు గడిచి, డిసెంబరు గడిచి, అప్పుడొచ్చేది 1690 ఫిబ్రవరి. ఆ తల్లి కొడుకును కని నాలుగు నెలలకు పోయింది, అంతే. ఇదంతా పత్రికలోనే రాసి, "పాస్టరు గారు లేని మనిషికి పెళ్లి చేసిన మొదటి పురోహితుడు" అని ముగించాను. ఊరు ఊరంతా నవ్వింది. ఆయన రెండు ఆదివారాలు నా బల్ల వైపు చూడకుండా ప్రసంగం చేశారు.

మే 8

చిక్కుడు గింజలు మాడాయి. బ్రెడ్డు కూడా.

మే 11

ఎబెన్ వచ్చాడు. కొండ మీది థర్ల్‌బీ. కేలబ్ కొడుకు రూబెన్ సంతతి. నూట యాభై ఏళ్లుగా ఆ కొండెక్కి కూర్చుని గొర్రెలు కాసుకుంటూ, చీపుళ్లు కట్టుకుంటూ, ఆపిల్ సారా తాగుతూ ఉన్నారు. ఒక్కడు పైకి రాలేదు, ఒక్కడు కిందికి దిగలేదు. వాడికి డెబ్భై నాలుగు. బూట్లు బయట విప్పమన్నాను. మేజోళ్లు చూశాక బూట్లే నయమనిపించింది.

"ఏం హల్డా, చచ్చినవాళ్లందరూ కులాసాయేనా?" అన్నాడు. ఎప్పుడొచ్చినా అదే మాట. తన మాటకి తనే నవ్వుకుంటాడు.

విషయం ఏమిటంటే, నియమం సంగతి దుకాణంలో విన్నాడట. పుస్తకంలో తన పేరుందో లేదో అడగడానికి వచ్చాడు. మార్తా అక్కడే ఉంది కదా, పక్కన తనకు చోటు ఉంటుందా అని.

మార్తా సియర్స్. బడిలో ఏడేళ్లు నా బల్ల మీదే కూర్చుంది. లెక్కల్లో నాకన్నా చురుకు. పంతులమ్మ అయ్యేది, ఇంకేదో కూడా అయ్యేది. ఈ మనిషి వెంట కొండెక్కి, నలుగురిని కని, చీపురు పుల్లలతో చేతులు చీల్చుకుని నలభై ఆరేళ్లకి పోయింది.

జాబితా తీశాను. ఆంబ్రోజ్ గుమస్తా టౌన్ హాలు పుస్తకం చూసి తేదీలన్నీ శుభ్రంగా ఎత్తి రాశాడు. కేలబ్ థర్ల్‌బీ, పేషెన్స్ డోన్, వివాహం, 1711 మే 20. వారి కొడుకు రూబెన్, జననం, 1711 ఫిబ్రవరి 24. వాడికి వినబడేలా పైకి చదివాను.

"పెళ్లి మేలో. పిల్లాడు ఫిబ్రవరిలో. మూడు నెలలు ముందే వచ్చేశాడు" అన్నాను.

ఎబెన్ కాసేపు నా మొహంలోకి చూశాడు. టోపీ చేతుల్లో రెండు చుట్లు తిప్పాడు. "బాగా చూశావా?" అన్నాడు.

"నలభై ఏళ్లుగా చూస్తున్నాను."

"అదీ నిజమే. నీకంటే తెలిసినవాళ్లెవరున్నారు" అని లేచాడు. "అయితే మార్తా పక్కన నేను లేనన్నమాట."

"నియమం పెట్టింది నేను కాదు."

"నువ్వు కాదు. తాళంచెవి నీ దగ్గరుందంతే" అన్నాడు.

అరిచి గోల చేస్తాడనుకున్నాను. చేయలేదు. ఆ కొండవాళ్లకి అరిచే ఓపిక కూడా లేదు.

మే 12

నూట పన్నెండో పేజీ రాసి ముగించాను. "రూబెన్, తల్లిదండ్రుల వివాహానికి మూడు నెలలు ముందు జననం. ఇతని సంతతిని ఈ గ్రంథంలో చేర్చలేదు." చక్కగా, క్లుప్తంగా వచ్చింది.

ఒక చిన్న చిక్కు ఉంది. ఆ రోజుల్లో పెళ్లికి ముందు పిల్లాడు కలిగితే, వాడికి బాప్తిస్మం ఇచ్చే ముందు భార్యాభర్తలిద్దరూ ఆదివారం చర్చి నడవలో నిలబడాలి. అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి. అది చర్చి పుస్తకంలో ఎక్కుతుంది. కేలబ్, పేషెన్స్ నిలబడినట్టు ఎక్కడా లేదు. పేజీ పోయి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఎలకలు బాగానే తిన్నాయి.

మా జారెడ్ తాత మాత్రం నిలబడ్డాడు. కేలబ్ రెండో కొడుకు, ఆంబ్రోజ్‌కీ నాకూ మూలపురుషుడు. ఆయన పెద్ద కూతురు పెళ్లయిన అయిదో నెలలో పుట్టింది. అయినా పెళ్లి తర్వాతే కదా. దాన్ని పుస్తకంలో పెట్టాల్సిన పని లేదు.

మే 20

ఆంబ్రోజ్ ఉత్తరం. పట్టలేని ఆనందం. "అక్కా, కొండవాళ్ల పీడ వదిలించావు. పెద్ద శాఖ మనదేనని ఇక రుజువైనట్టే. వాళ్లు ఆ చొక్కాలతో ఫోటోలో నిలబడితే ఏమయ్యేదో తలుచుకో" అని రాశాడు. నిజమే, తలుచుకున్నాను. కోరా టోపీ పక్కన ఎబెన్ చొక్కా. టోపీ కన్నా చొక్కాయే మర్యాదగా ఉంటుందనిపించింది.

మే 31

సైనికుల సమాధులకు పూలు పెట్టే రోజు. కంచె బిగించారు. ఎబెన్ కొడవలి పట్టుకుని గడ్డి కోయడానికి వచ్చాడట. ముప్ఫై ఏళ్లుగా ఆ గడ్డి వాడే కోస్తున్నాడు, ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఆంబ్రోజ్ పెట్టిన మనిషి గేటు దగ్గరే ఆపేసి, ఇక మిషనుతో కోయిస్తామని చెప్పాడట. వాడు కంచె బయట కాసేపు నిలబడి వెళ్లిపోయాడని దుకాణంలో చెప్పుకున్నారు. పోనీ, పని తగ్గింది కదా.

జూన్ 9

శ్మశానం పటం గీశాను. ఎవరికి ఏ గడి అన్నది అందులో ఉండాలని ఆంబ్రోజ్ ఆజ్ఞ. ఎనభై నాలుగు గడులు. మార్తా పక్కది ఖాళీగా ఉండిపోయింది. పటంలో ఖాళీ ఉంచడం పద్ధతి కాదు. నా పేరు రాశాను. ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

జూన్ 22

ప్రూఫులు వచ్చాయి. తొంభై పేజీలు చూశాను. అచ్చువాడికి కామా అంటే ఏమిటో తెలియదు.

మధ్యాహ్నం నూట పన్నెండో పేజీ.

ఫిబ్రవరి.

జూన్ 23

అల్లం రొట్టె చేశాను. పొంగలేదు.

జూన్ 24

అన్ని ఊళ్ల గుమస్తాలూ ఒకే లెక్క పాటించలేదు. కొందరు ముందుచూపుతో జనవరి నుంచే ఏడాది మార్చేసేవాళ్లు. ఆ రోజుల్లో మా ఊరి గుమస్తా డీకన్ ఏమస్ అని ఒకడుండేవాడు. వాడు ముందుచూపున్న మనిషై ఉండవచ్చు. ఆ పుస్తకం తీసి, పేజీలో నెలలు ఏ వరసలో ఉన్నాయో చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ అది టౌన్ హాలు మేడ మీద ఉంది, నా మోకాలు బాగా లేదు, ఎండగా కూడా ఉంది.

డీకన్ ఏమస్ తన పేరునే మూడు రకాలుగా రాసినవాడు. ముందుచూపట.

జూన్ 27, ఆదివారం

పీబాడీ గారు వినయం మీద ప్రసంగించారు. యాభై నిమిషాలు.

జూలై 2

ప్రూఫుల మీద సంతకం చేసి పంపేశాను. కామాలన్నీ దిద్దాను.

జూలై 9

ఎబెన్ కోడలు నెట్టీ వచ్చింది. ఎర్ర చేతుల పిల్ల, మాట సూటి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మామయ్య పడిపోయాడండి హల్డమ్మగారూ. మంగళవారం గడ్డి వామి వేస్తూ వేస్తూ కూలిపోయాడు. కుడి పక్క పడిపోయింది. మాట వస్తోంది కానీ ముద్దముద్దగా వస్తోంది."

డాక్టరేమన్నాడని అడిగాను.

"చలికాలం చూడడన్నాడు. మామయ్యకి చావంటే బెంగ లేదండి. అత్తయ్య పక్కన పెట్టరేమో అన్నదే బెంగ. పైకి అనడు. రాత్రి పగలు ఆ కిటికీలోంచి నది వైపే చూస్తుంటాడు. మీరు ఇంకొక్కసారి చూడకూడదా అని..."

"ఆయన పంపాడా నిన్ను?"

"లేదండి. తెలిస్తే తిడతాడు. హల్డాని తొందర పెట్టకండి అంటాడు."

ఆ మాట నాకు నచ్చలేదు. తొందరేమిటి, దేనికి తొందర. చూస్తానులే అని పంపేశాను.

జూలై 13

టౌన్ హాలుకి వెళ్లాను. చూశాను.

జూలై 15

రాయక తప్పదు.

డీకన్ ఏమస్ పుస్తకంలో ఆ పేజీ పై నుంచి కింది దాకా చదివాను. 1711 మే, కేలబ్ పెళ్లి. దాని కింద జూలై. దాని కింద సెప్టెంబరు, నవంబరు. దాని కింద 1711 జనవరిలో ఎవరిదో చావు. దాని కింద 1711 ఫిబ్రవరి 24, రూబెన్. ఆ తర్వాత 1712 ఏప్రిల్. అదే సిరా, అదే చెయ్యి. ముందుచూపూ లేదు, వెనకచూపూ లేదు. ఏడాదికి తోకలోనే పుట్టాడు రూబెన్. పెళ్లయిన తొమ్మిది నెలల నాలుగు రోజులకి. తొమ్మిది తరాల్లో ఇంత బుద్ధిగా పుట్టిన పెద్దకొడుకు ఇంకొకడు లేడు. చర్చి పుస్తకాన్ని ఎలకలు తినలేదు. వాళ్లు నిలబడాల్సిన అవసరమే లేకపోయింది.

పెద్ద శాఖ కొండ మీద చీపుళ్లు కడుతోంది.

పొరపాటు ఆంబ్రోజ్ గుమస్తాది అని రాద్దామని ఇంత సేపూ కలం పట్టుకుని కూర్చున్నాను. గుమస్తా అంకెలు సరిగానే ఎత్తి రాశాడు. చదివింది నేను. మార్చిలో ఎవరిని పట్టుకుని ఊరంతా నవ్వించానో, మేలో సరిగ్గా ఆయన చేసిన పనే చేశాను. ఆయన తెలియక చేశాడు. నాకు తెలుసు. ఎబెన్ ఎదురుగా ఉన్నాడు, మేజోళ్లు కంపు కొడుతున్నాయి, ఆ రెండు తేదీలు చూడగానే నాకు ఒళ్లంతా చల్లబడినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి పోగొట్టుకోవడం ఇష్టం లేక రెండోసారి చూడలేదు.

జూలై 20

ఆంబ్రోజ్‌కి చెప్పాను. వాడు కోపగించుకోలేదు, అదే అసహ్యం. నిమ్మరసం తాగుతూ విన్నాడు.

"అక్కా, పుస్తకం అచ్చయిపోయింది. రాయి చెక్కడం కూడా అయిపోయింది."

"తప్పొప్పుల పట్టిక ఒక కాగితం మీద అచ్చు వేయించి లోపల పెట్టొచ్చు."

"పెట్టొచ్చు. ఈ ఒక్కటీ తప్పయితే మిగతావన్నీ ఒప్పేనా అని అడుగుతారు. పీబాడీ గారు అడుగుతారు. నువ్వు ఆయన్ని ఏమన్నావో ఊళ్లో ఇంకా చెప్పుకుంటున్నారు. నీ నలభై ఏళ్ల పేరు గంగలో కలిసిపోతుంది. ఎవరి కోసం? ఆ ముసలాడు చచ్చాక ఎక్కడ పడుకుంటే వాడికేం తెలుస్తుంది?"

నాకు వాడి మాట నిజమనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆంబ్రోజూ నేనూ ఒక్క మాట మీద ఉన్నాం. ఛీ.

జూలై 26

వాన. పుస్తకాలు వచ్చాయి. రెండు వందల ప్రతులు, బంగారు అంచులు, సింహం.

ఆగస్టు 3

కొండకి వెళ్లాను. పాలబండివాడు ఎక్కించుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో మూడోసారి ఆ ఇంటికి. మార్తా ఉన్నప్పుడు పిలిచేది. ఏదో ఒక పని ఉందనేదాన్ని.

ఎబెన్‌ని వంటింట్లో కిటికీ పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. ఒక పక్క మొహం జారింది. ఇల్లు శుభ్రంగా ఉంది. కంపు కొడుతుందనుకుని లావెండర్ రుమాలు తెచ్చుకున్నాను, తీయలేదు.

"ఏం హల్డా, చచ్చిన..." అని ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"కులాసాయే" అన్నాను. "నీతో చెప్పాల్సింది ఒకటుంది. రూబెన్ పెళ్లయ్యాకే పుట్టాడు. నేను తేదీ తప్పు చదివాను."

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అప్పట్లో ఫిబ్రవరి ఏడాది చివర్లో వచ్చేదని. మా నాయనమ్మ చెప్పేది. మా పెద్దాయన రూబెన్ ఏడాది ఆఖర్లో, మంచులో పుట్టాడని."

మాట ముద్దగా వస్తోంది, అయినా ప్రతి ముక్కా తెలుస్తోంది. నాకు ఒళ్లు మండింది. "మరి ఆ రోజు నా ఎదురుగా కూర్చుని ఎందుకు చెప్పలేదు?"

"బాగా చూశావా అని అడిగాను కదా."

నెట్టీ అటు తిరిగి పొయ్యిలో నిప్పులు కదిపింది.

"నువ్వే చూసుకుంటావనుకున్నా" అన్నాడు. "మార్తా అనేది, హల్డా ఒకసారి తప్పు చేస్తుంది, రెండోసారి పలక తుడిచి తనే దిద్దుకుంటుందని."

నేను కిటికీలోంచి చూశాను. అక్కడి నుంచి శ్మశానం కనపడుతుంది, కంచె కొత్తగా నల్లగా ఉంది.

"పద్దెనిమిదిన అందరి ముందూ చెప్తావా?"

"చెప్తాను" అన్నాను.

"సరే" అని కళ్లు మూసుకున్నాడు. నన్ను నమ్మినవాళ్లని చూస్తే నాకు మొదట్నుంచీ చిరాకు.

ఆగస్టు 18, బుధవారం

మూడు వందల పన్నెండు మంది థర్ల్‌బీలు ఒక్క గుడారం కింద. ఆ గుంపును చూశాక జెర్షమ్ ఓడ మునిగినా నష్టం లేదనిపించింది. ఒహాయో నుంచి వచ్చిన ఒకాయన నా చేయి పట్టుకుని వదలలేదు, తనకు జెర్షమ్ ముక్కు వచ్చిందట. జెర్షమ్ ముక్కు ఎవరు చూశారు. కోరా టోపీ మీద ఒక పక్షి మొత్తం ఉంది. బ్యాండు వాయించారు, కోడి మాంసం కూరిన రొట్టెలు తిన్నారు, ఆంబ్రోజ్ గుడ్డ లాగాడు, "పెద్ద శాఖ" బయటపడింది, చప్పట్లు కొట్టారు.

తర్వాత కార్యదర్శి నివేదిక. నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి చేతి తొడుగులో పెట్టుకున్నాను. లేచాను. ముందు వరసలో పీబాడీ గారు కూర్చుని ఉన్నారు. చిరునవ్వుతో నా వైపే చూస్తున్నారు, ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు.

నివేదిక చదివాను. ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని రాళ్లు చూశానో. కూర్చున్నాను.

చెమటకి కాగితం మీద సిరా అలుక్కుపోయింది. చదవడానికి వీలు కాలేదు.

ఆగస్టు 19

ఆ నాలుగు వాక్యాలూ నాకు నోటికి వచ్చు.

ఆగస్టు 22

చర్చి బయట నెట్టీ కలిసింది. కొండవాళ్లు ఎవరూ సభకి రాలేదు కానీ పాలబండివాడు వచ్చాడు. నేను ఏం చెప్పానో, ఏం చెప్పలేదో వాడే మోసుకెళ్లాడట.

"ఆయనేమన్నాడు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"'ఇంకా టైముందిలే' అన్నాడండి."

ఆ పిల్ల కళ్లలో నా మీద కోపం ఉంది. దాని మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

రేపు వెళ్లాలి. పీబాడీ గారి దగ్గరికి ముందు, తర్వాత కొండకి.

ఆగస్టు 23

మోకాలు.

ఆగస్టు 24

వాన. పాలబండి రాలేదు. రేపు.

ఆగస్టు 25

ఎబెన్ తెల్లవారుజామున పోయాడు.

ఆగస్టు 26

పొద్దున్న ఎనిమిదింటికి పాస్టరు గారి తలుపు కొట్టాను. మోకాలు బాగానే నడిచింది. ఆయన ఇంకా గడ్డం గీసుకోలేదు.

"నూట పన్నెండో పేజీ తప్పు. ఫిబ్రవరిని ముందు పెట్టి లెక్కేశాను. మీరు చేసిన తప్పే. ఎబెన్ థర్ల్‌బీ ధర్మబద్ధమైన సంతతి, అందులోనూ పెద్ద శాఖ. రేపు మార్తా పక్కన పెట్టాలి, మీరు ప్రార్థన చేయాలి" అన్నాను, అరుగు మీద నిలబడే.

ఈ మనిషి నన్ను చూసి నవ్వుతాడని నెలన్నరగా చస్తూ బతికాను. నవ్వలేదు. "అయ్యో, లోపలికి రండమ్మా. ఎవరికైనా జరుగుతుంది. నాకు జరగలేదూ?" అని టీ పెట్టించారు. టీ నీళ్లలా ఉంది. కప్పు మొత్తం తాగాను. క్షమించమని నేను అడగలేదు, ఆయన క్షమించేశారు. ఇంత సులువుగా అయిపోయే పనికి నేను పట్టుకున్న రోజులు లెక్కపెట్టాను. జూన్ ఇరవై రెండు నుంచి అరవై అయిదు.

ఇంటికొచ్చి కార్యదర్శి ప్రతిలో నూట పన్నెండో పేజీ కొట్టేసి దిద్దాను, సంతకం పెట్టాను. పటంలో మార్తా పక్క గడిలో పేరు చెరిపాను. గట్టిగా రాసుకున్నట్టున్నాను, కాగితం చిరిగింది.

ఆగస్టు 27

గేటు నేనే తీశాను. కొండవాళ్లందరూ వచ్చారు, ఊళ్లోవాళ్లు కూడా చాలామంది. శుభ్రమైన చొక్కాలు.

ప్రార్థనకి ముందు గోతి పక్కన నిలబడి చెప్పాను. "1711 మే ఇరవైన పెళ్లి, తర్వాత వచ్చిన ఫిబ్రవరి ఇరవై నాలుగున రూబెన్ పుట్టాడు. రూబెన్ కేలబ్‌కి పెద్దకొడుకు. ఈ ఎబెన్ ఆయన సంతతి. కాదని పుస్తకంలో రాసింది నేను. నాకు తెలిసీ రెండు నెలలు నలుగురిలో చెప్పలేదు, ఎబెన్‌కి మాటిచ్చి కూడా చెప్పలేదు." బాగా వినబడిందని తర్వాత అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ ముక్కు చీదింది.

మార్తా పక్కన దించారు. చోటు సరిగ్గా సరిపోయింది.

ఆగస్టు 28

ఆంబ్రోజ్ తంతి పంపాడు. ఏ నియమం కింద గేటు తెరిచానో జవాబు చెప్పాలట. "నీ నియమం కిందే. పెద్ద శాఖను నిన్న పూడ్చాం, రాయి దిద్దించుకో" అని తిరుగు తంతి ఇచ్చాను. వాడిక మాట్లాడడు. నాకు కలిగిన మేలు అదొక్కటే.

సాయంత్రం నెట్టీ వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఈసారి కుర్చీ చూపించగానే కూర్చుంది.

"మామయ్య వినుంటే బాగుండేది" అంది.

"అవును."

"పాలబండి చప్పుడైనప్పుడల్లా తల ఎత్తేవాడండి. సభ జరిగిన బుధవారం నుంచి అదే. ఆఖరి రోజు వానకి బండి రాలేదు. అయినా ఓసారి ఎత్తాడు."

అంతే చెప్పింది. నిందించినట్టు కూడా చెప్పలేదు. కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

నిన్న అందరి ముందూ చెప్పానని ఊళ్లో నన్ను మెచ్చుకుంటున్నారట, పీబాడీ గారు ధైర్యమని కూడా అన్నారట. ఇంతమందిలో ఒక్కడికీ బుర్ర లేదు. ఎబెన్ నాకు ఆరు రోజులు టైమిచ్చాడు. తలుపు వైపు తల తిప్పి చూసే మనిషికి చెప్పడం నా వల్ల కాలేదు. వాడు నోరు మూసుకుని పెట్టెలో పడుకున్నాక, ఎంత గడగడా చెప్పేశాను.